సోవియట్ మరియు రష్యా నౌకాదళ జలాంతర్గామి చిహ్నాలు

సోవియట్ మరియు రష్యా నౌకాదళ జలాంతర్గామి చిహ్నాలు అనగా ఆ దేశాల జలాంతర్గాములలో పనిచేసిన అధికారులు, మిచ్‌మన్‌లు, నావికులు ధరించిన బ్యాడ్జీలు, భుజపట్టీలు, టోపీ చిహ్నాలు, చేతిపట్టీలు మొదలైనవి. వీటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 1942లో ప్రవేశపెట్టబడిన "జలాంతర్గామి కమాండర్" బ్యాడ్జీ. ఒక పాత ఛాయాచిత్రంలోని వ్యక్తి ఎవరు, ఏ హోదాలో ఉన్నాడు, ఆ చిత్రం ఏ కాలానిది అన్న ప్రశ్నలకు చాలా సందర్భాలలో ఈ చిహ్నాలే సమాధానం చెప్పగలవు. అయితే సోవియట్ నౌకాదళంలో జలాంతర్గామి సిబ్బంది అందరికీ వర్తించే ప్రత్యేక చిహ్నమేదీ లేకపోవడం వలన వీటిని గుర్తించడంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతూ ఉంటాయి. ఒక్క చిహ్నాన్ని మాత్రమే చూసి నిర్ణయానికి రాకుండా, బ్యాడ్జీ, భుజపట్టీ, టోపీ, దుస్తులు అన్నిటినీ కలిపి పరిశీలించవలసి ఉంటుంది.

నేపథ్యం

రష్యాలో జలాంతర్గాములను ఒక ప్రత్యేక నౌకా తరగతిగా గుర్తిస్తూ 1906 మార్చిలో రెండవ నికోలస్ చక్రవర్తి ఉత్తర్వు జారీ చేశాడు. నేటి కాలెండరు ప్రకారం అది మార్చి 19. ఈ కారణంగానే రష్యాలో ప్రతి సంవత్సరం మార్చి 19న జలాంతర్గామి నావికుల దినోత్సవం జరుపుకుంటారు. అదే సంవత్సరంలో బాల్టిక్ తీరాన గల లిబావా రేవులో (ప్రస్తుతం లాట్వియా దేశంలోని లియెపాయా) జలాంతర్గామి సిబ్బందికి శిక్షణా విభాగం ఏర్పాటయింది. అక్కడ శిక్షణ పొందిన అధికారుల కొరకు 1909లో ఒక బ్యాడ్జీ ఆమోదించబడింది. లంగరు గొలుసుతో ఏర్పడిన వలయం, అందులో లంగరు, దానిపై జలాంతర్గామి ఆకారం ఈ బ్యాడ్జీ యొక్క ప్రధాన లక్షణాలు. 1917 విప్లవం తరువాత జారు కాలపు చిహ్నాలు రద్దయ్యాయి. ఆ తరువాత పాతికేళ్ళ పాటు జలాంతర్గామి వృత్తిని సూచించే ప్రముఖ బ్యాడ్జీ ఏదీ సోవియట్ నౌకాదళంలో కనిపించదు.

"జలాంతర్గామి కమాండర్" బ్యాడ్జీ

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 జూన్ 12న నౌకాదళ ప్రజా కమిస్సార్ నికొలాయ్ కుజ్నెత్సోవ్ ఉత్తర్వుతో ఈ బ్యాడ్జీ ప్రారంభమైనది. రష్యన్ భాషలో దీని పేరు "కమాందీర్ పద్వోద్నయ్ లోద్కి". నావికులు దీనిని ముద్దుగా "లోదచ్కా" అంటారు. ఈ మాటకు చిన్న పడవ అని అర్థం.

దీని లక్షణాలు:
- వెండి రంగులో, పక్కనుండి చూసినట్లు కనిపించే పొడవైన జలాంతర్గామి ఆకారం.
- మధ్యభాగంలో ఎర్రని ఎనామెల్ పూసిన ఐదు కోణాల నక్షత్రం, దానిలో సుత్తి కొడవలి.
- బ్యాడ్జీపై అక్షరాలు గానీ, అంకెలు గానీ ఉండవు.
- వెనుకవైపు స్క్రూ, నట్టుతో కోటుకు బిగించబడుతుంది.
- దీనిని ఛాతీకి కుడివైపున ధరిస్తారు.

ఈ బ్యాడ్జీ జలాంతర్గామికి ఆధిపత్యం వహించిన అధికారికి మాత్రమే లభిస్తుంది. ఆ అధికారి తరువాత ప్రధాన కార్యాలయానికి బదిలీ అయినా, అడ్మిరల్ స్థాయికి ఎదిగినా దీనిని ధరిస్తూనే ఉంటాడు. కనుక అడ్మిరల్ ఛాతీపై ఈ చిన్న పడవ కనిపించినచో, ఆయన ఒకప్పుడు జలాంతర్గామి కమాండర్‌గా పనిచేశాడని గ్రహించవచ్చు. నీటిపై నడిచే నౌకల కమాండర్లకు తరువాతి కాలంలో వేరే బ్యాడ్జీ వచ్చింది. దానిపై యుద్ధనౌక ఆకారం ఉంటుంది. దూరం నుండి తీసిన ఛాయాచిత్రాలలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. యుద్ధనౌకకు స్తంభాలు, తుపాకీ గోపురాలు ఉండి పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది. జలాంతర్గామికి మధ్యలో ఒక్క గోపురం మాత్రమే ఉండి, ఇరువైపులా చదునుగా ఉంటుంది.

డాల్ఫిన్ బ్యాడ్జీలతో పోలిక

అమెరికా నౌకాదళంలో 1924 నుండి డాల్ఫిన్ బ్యాడ్జీ వాడుకలో ఉంది. నిర్ణీత శిక్షణ, పరీక్షలు పూర్తి చేసిన అధికారులకు, నావికులకు అక్కడ ఇది లభిస్తుంది. అధికారులది బంగారు రంగు, నావికులది వెండి రంగు. భారత నౌకాదళంలోనూ జలాంతర్గామి శిక్షణ ముగించిన వారికి డాల్ఫిన్ బ్యాడ్జీ ఇస్తారు. ఈ అలవాటు వలన చాలామంది సోవియట్ "లోదచ్కా"ను కూడా అదే విధమైన అర్హతా చిహ్నంగా భావిస్తారు. ఇది సరికాదు. డాల్ఫిన్ బ్యాడ్జీ "ఇతడు జలాంతర్గామి నావికుడు" అని చెబుతుంది. సోవియట్ బ్యాడ్జీ "ఇతడు జలాంతర్గామికి నాయకత్వం వహించినవాడు" అని చెబుతుంది. ఒక జలాంతర్గామిలో వందమంది ఉన్నా ఈ బ్యాడ్జీకి అర్హుడు సాధారణంగా ఒక్కడే.

సోవియట్ జలాంతర్గాములలో కొత్తగా చేరిన నావికుని తొలి మునక తరువాత అతనిచే దీపపు గాజు గిన్నెలో సముద్రపు నీరు తాగించడం ఒక ఆచారం. ఈ ఆచారానికి గుర్తుగా దుస్తులపై ధరించే అధికారిక చిహ్నం ఏదీ లేదు.

సిబ్బంది ధరించిన ఇతర బ్యాడ్జీలు

దూరయాత్ర బ్యాడ్జీ: "జా దాల్నీ పఖోద్" (దూరయాత్రకు) అనే ఈ బ్యాడ్జీ 1961లో ప్రవేశపెట్టబడింది. దీనిపై సోవియట్ నౌకాదళ పతాకం, నౌక ఆకారం, బ్యాడ్జీ పేరు ఉంటాయి. ఇది రెండు రకాలు. ఒకదానిపై జలాంతర్గామి, మరొకదానిపై నీటిపై నడిచే నౌక ఉంటాయి. హోదాతో సంబంధం లేకుండా దూరయాత్రలలో పాల్గొన్నవారికి ఇచ్చేవారు. కనుక సాధారణ నావికుడు జలాంతర్గామిలో పనిచేశాడని చూపే బ్యాడ్జీలలో ఇది ముఖ్యమైనది. నౌక ఆకారాన్ని చూడకుండా పేరు మాత్రమే చదివినచో పొరపడే అవకాశం ఉంది.

శ్రేష్ఠత బ్యాడ్జీలు: యుద్ధ కాలంలో "విశిష్ట జలాంతర్గామి నావికుడు" అనే అర్థం గల బ్యాడ్జీ నావికులకు, చిన్న అధికారులకు ఇవ్వబడింది. 1957 తరువాత "నౌకాదళ శ్రేష్ఠుడు" అనే ఒకే బ్యాడ్జీ అన్ని శాఖలకు వర్తించింది. దీనిని బట్టి మనిషి క్రమశిక్షణ తెలుస్తుందే గానీ, జలాంతర్గామిలో పనిచేశాడా లేదా అన్నది తెలియదు.

రాంబస్ బ్యాడ్జీ: అధికారుల కుడి ఛాతీపై తరచుగా కనిపించే నిలువు రాంబస్ ఆకారపు బ్యాడ్జీ ఉన్నత సైనిక విద్యాలయంలో పట్టభద్రుడైనట్లు సూచిస్తుంది. లెనిన్‌గ్రాడ్‌లోని జలాంతర్గామి విద్యాలయంలో చదివినవారు కూడా ఈ రకపు బ్యాడ్జీనే ధరించేవారు. ఇది విద్యార్హత మాత్రమే, వృత్తి చిహ్నం కాదు.

గార్డ్స్ చిహ్నం: యుద్ధంలో విశేష ప్రతిభ చూపిన నౌకలకు "గార్డ్స్" గౌరవం ఇచ్చేవారు. 1942 ఏప్రిల్ 3న ఉత్తర నౌకాదళానికి చెందిన డి-3, కె-22, ఎం-171, ఎం-174 జలాంతర్గాములకు ఈ గౌరవం లభించింది. 1942 జూన్‌లో వచ్చిన నౌకాదళ గార్డ్స్ చిహ్నం నారింజ, నలుపు చారల రిబ్బను గల దీర్ఘచతురస్రాకారపు పట్టీ. 1943 నుండి దాని స్థానంలో ఎర్రజెండా గల అండాకారపు సాధారణ గార్డ్స్ బ్యాడ్జీ వాడుకలోకి వచ్చింది. గార్డ్స్ నౌకల నావికుల టోపీ రిబ్బను కూడా నలుపు, నారింజ చారలతో ఉంటుంది.

భుజపట్టీలు మరియు హోదాలు

సోవియట్ నౌకాదళంలో భుజపట్టీలు 1943 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టబడ్డాయి. అంతకు ముందు అధికారుల హోదా కోటుచేతిపై గల బంగారు పట్టీల ద్వారా మాత్రమే తెలిసేది. భుజపట్టీలు వచ్చిన తరువాత కూడా చేతిపట్టీలు కొనసాగాయి. జలాంతర్గామి సిబ్బందికి, ఇతర నౌకల సిబ్బందికి భుజపట్టీలలో తేడా ఉండదు. ఇవి హోదాను మాత్రమే తెలుపుతాయి.

అధికారుల భుజపట్టీపై నిలువుగా ఒక గీత ఉన్నచో కింది తరగతి అధికారి, రెండు గీతలు ఉన్నచో పై తరగతి అధికారి. తరువాత నక్షత్రాలను లెక్కించాలి.

ఒక గీత, చిన్న నక్షత్రాలు:
- జూనియర్ లెఫ్టినెంట్: 1 నక్షత్రం
- లెఫ్టినెంట్: 2 నక్షత్రాలు
- సీనియర్ లెఫ్టినెంట్: 3 నక్షత్రాలు
- కెప్టెన్-లెఫ్టినెంట్: 4 నక్షత్రాలు

రెండు గీతలు, పెద్ద నక్షత్రాలు:
- మూడవ ర్యాంకు కెప్టెన్: 1 నక్షత్రం, చేతిపై 3 పట్టీలు
- రెండవ ర్యాంకు కెప్టెన్: 2 నక్షత్రాలు, చేతిపై 4 పట్టీలు
- మొదటి ర్యాంకు కెప్టెన్: 3 నక్షత్రాలు, చేతిపై ఒక వెడల్పాటి పట్టీ

ఇక్కడ ర్యాంకు సంఖ్య తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది. మొదటి ర్యాంకు కెప్టెన్ పదాతిదళంలో కల్నల్‌తో సమానం. చేతిపట్టీల సంఖ్యను మాత్రమే లెక్కించినచో నాలుగు పట్టీలు గల అధికారి ఒకే పట్టీ గల అధికారి కంటే పెద్దవాడని భ్రమపడవచ్చు. అందుచేత పట్టీ వెడల్పును కూడా గమనించాలి.

మిచ్‌మన్‌లు నావికులకు, అధికారులకు మధ్య స్థాయి సాంకేతిక సిబ్బంది. 1970ల ఆరంభం నుండి వీరు ఒక ప్రత్యేక వర్గంగా ఉన్నారు. వీరి భుజపట్టీపై గీత ఉండదు. మిచ్‌మన్‌కు 2, సీనియర్ మిచ్‌మన్‌కు 3 చిన్న నక్షత్రాలు పట్టీ పొడవునా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. సాధారణ నావికుల, చిన్న అధికారుల భుజపట్టీలపై నక్షత్రాలకు బదులు అడ్డంగా పసుపు పట్టీలు ఉంటాయి. సీనియర్ నావికునికి 1, రెండవ శ్రేణి స్తార్షినాకు 2, మొదటి శ్రేణి స్తార్షినాకు 3 సన్నని పట్టీలు, ప్రధాన స్తార్షినాకు ఒక వెడల్పాటి పట్టీ ఉంటాయి.

ఉదాహరణకు, 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో మునిగిపోయిన కూర్స్క్ జలాంతర్గామిలో 118 మంది మరణించారు. దాని కమాండర్ గెన్నాదీ ల్యాచిన్ మొదటి ర్యాంకు కెప్టెన్. కనుక ఆయన భుజపట్టీపై రెండు గీతలు, మూడు పెద్ద నక్షత్రాలు ఉంటాయి. పేలుడు తరువాత తొమ్మిదవ గదిలో మిగిలిన 23 మంది పేర్లను చీకటిలో కాగితంపై రాసిన ద్మీత్రీ కలేస్నికోవ్ కెప్టెన్-లెఫ్టినెంట్. ఆయన భుజపట్టీపై ఒక గీత, నాలుగు చిన్న నక్షత్రాలు ఉంటాయి. నక్షత్రాల సంఖ్యను మాత్రమే చూసినచో కలేస్నికోవ్ హోదా పెద్దదని పొరపడే అవకాశం ఉన్నది.

టోపీలు మరియు దుస్తులు

పిలోత్కా: ఇది మడిచి పెట్టుకోగల నల్లని పడవ ఆకారపు టోపీ. ఇరుకైన గదులలో, తలుపు రంధ్రాలలో అంచు గల పెద్ద టోపీ అడ్డం వచ్చేది. అందువలన జలాంతర్గామి సిబ్బంది దీనిని ఎక్కువగా వాడారు. అధికారుల పిలోత్కాకు అంచు వెంబడి తెల్లని సన్నని గీత ఉంటుంది.

క్రాబ్: అధికారుల టోపీ ముందుభాగంలో ఉండే బంగారు రంగు చిహ్నం. అండాకారంలో లంగరు, చుట్టూ ఆకులు, సోవియట్ కాలంలో పైన ఎర్ర నక్షత్రం ఉండేవి. ఇరువైపులా విస్తరించిన ఆకులు పీతను పోలి ఉండటం వలన దీనికి ఈ పేరు వచ్చింది. ఇది అన్ని నౌకల అధికారులకు ఉంటుంది.

టోపీ రిబ్బను: నావికుల అంచులేని టోపీ చుట్టూ నల్లని రిబ్బను, దానిపై బంగారు రంగులో నౌకాదళం పేరు ఉంటాయి. ఉత్తర, బాల్టిక్, నల్లసముద్ర, పసిఫిక్ నౌకాదళాలు ముఖ్యమైనవి. అణు జలాంతర్గాములు ఉత్తర, పసిఫిక్ నౌకాదళాలలోనే ఉండేవి. ఆ పేర్లు కనబడినంత మాత్రాన ఆ నావికుడు జలాంతర్గామిలో పనిచేశాడని చెప్పలేము.

తెల్న్యాష్కా: నీలం, తెలుపు అడ్డచారల లోచొక్కా. ఇది నౌకాదళమంతటికీ సామాన్యం. నల్లచారల లోచొక్కా జలాంతర్గామి నావికులదని అంగళ్ళలో అమ్ముతారు గానీ, దానినొక్కదానినే ఆధారంగా తీసుకోరాదు.

కాలరుపై మూడు గీతలు: నావికుల వెడల్పాటి నీలి కాలరుపై గల మూడు తెల్లగీతలు గాంగుట్, చెస్మా, సినోప్ యుద్ధ విజయాలకు గుర్తులని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది జనశ్రుతి మాత్రమే.

ఎర్-బే దుస్తులు: అణు జలాంతర్గాములలో ధరించే నీలిరంగు నూలు దుస్తుల ఛాతీ జేబుపై రెండు తెల్లని రష్యన్ అక్షరాలు ఉంటాయి. అవి "రేడియేషన్ భద్రత" అనే మాటలకు పొడి అక్షరాలు. యాత్రలో ఉన్న అణు జలాంతర్గామి సిబ్బందిని గుర్తించడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అరుదు. భుజానికి వేలాడే చిన్న డబ్బా కూడా కనిపించినచో అది అగ్నిప్రమాద సమయంలో ఊపిరి పీల్చుకొనే సాధనం. ఈ దుస్తులపై హోదా చిహ్నాలు సాధారణంగా ఉండవు. అందువలన కమాండర్, నావికుడు ఒకేలా కనబడతారు.

రష్యన్ అక్షరాలను చదవడం

బ్యాడ్జీలపై గల కొన్ని రష్యన్ అక్షరాలు ఆంగ్ల అక్షరాలను పోలి ఉన్నా వాటి ఉచ్చారణ వేరు.
- ఆంగ్ల "సి" వలె కనబడేది "స".
- ఆంగ్ల "పి" వలె కనబడేది "ర".
- ఆంగ్ల "హెచ్" వలె కనబడేది "న".
- ఆంగ్ల "బి" వలె కనబడేది "వ".
- మధ్యలో నిలువు గీత గల వృత్తం "ఫ".

ఆంగ్లంలో మూడు "సి"లు, ఒక "పి" అని కనిపించేది నిజానికి సోవియట్ యూనియన్ యొక్క రష్యన్ పొడిపేరు. "బి", "ఎమ్", గీత గల వృత్తం వరుసగా ఉన్నచో అది "వి-ఎమ్-ఎఫ్", అనగా నౌకాదళం. "సి" ఆకారం పక్కన గీత గల వృత్తం ఉన్నచో ఉత్తర నౌకాదళం అని అర్థం.

కాలనిర్ణయం

పతాకం: జారు కాలపు నౌకాదళ పతాకం తెల్లని బట్టపై నీలి ఐమూల శిలువ. దీనిని సెయింట్ ఆండ్రూ పతాకం అంటారు. 1935 నుండి వాడిన సోవియట్ నౌకాదళ పతాకంపై కింద నీలి పట్టీ, పైన ఎర్ర నక్షత్రం, సుత్తి కొడవలి ఉన్నాయి. 1992 జూలైలో సెయింట్ ఆండ్రూ పతాకం తిరిగి వచ్చింది. కనుక బ్యాడ్జీపై నీలి శిలువ ఉన్నచో అది 1917కు ముందుది గానీ, 1992 తరువాతది గానీ అయి ఉండాలి.

భుజపట్టీ: జలాంతర్గామి కమాండర్ బ్యాడ్జీ ఉండి, భుజపట్టీలు లేని కోటు కనిపించినచో ఆ చిత్రం ప్రాయికంగా 1942 మధ్య నుండి 1943 ఆరంభం వరకు గల కొద్దికాలానిది కావచ్చు. భుజపట్టీలు ఉన్నచో 1943 తరువాతది.

చేతికి కుట్టిన గుర్తులు: సోవియట్ నావికుల చేతిపై నల్లని గుండ్రని గుడ్డపై ఎర్రదారంతో వృత్తి చిహ్నాలు ఉండేవి. చుక్కాని చక్రం చుక్కాని పట్టేవారికి, అడ్డంగా పెట్టిన రెండు ఫిరంగులు ఫిరంగి సిబ్బందికి గుర్తులు. రంగురంగుల దళ చిహ్నాలు, "రష్యా" అనే పేరు గల చేతి గుర్తులు సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాతి కాలానివి.

నకిలీలు మరియు స్మారక బ్యాడ్జీలు

1991 తరువాత సోవియట్ బ్యాడ్జీలు పెద్దయెత్తున సంతలకు చేరాయి. వాటితో పాటు నకిలీలు కూడా వచ్చాయి. అంతేగాక ప్రతి జలాంతర్గామి పేరుతో, ప్రతి వార్షికోత్సవం పేరుతో స్మారక బ్యాడ్జీలు తయారవుతున్నాయి. 2006లో రష్యా జలాంతర్గామి దళాల శతవార్షికోత్సవం సందర్భంగా ఇటువంటివి అనేకం వెలువడ్డాయి. ఇవన్నీ నకిలీలు కావు, కానీ యూనిఫారంపై ధరించే అధికారిక చిహ్నాలు కూడా కావు. జలాంతర్గామి పేరు, సంఖ్య, సంవత్సరం, అలంకార వాక్యం ఉన్న బ్యాడ్జీని ముందుగా స్మారక వస్తువుగా భావించడం మంచిది. అసలైన కమాండర్ బ్యాడ్జీపై ఇవేవీ ఉండవు.

ఎనామెల్ స్థానంలో మెత్తని రంగు పూత, అంచులు అరిగి అచ్చు స్పష్టంగా లేకపోవడం, స్క్రూకు బదులు పిన్ను ఉండటం అనుమానించదగిన లక్షణాలు. రష్యాలో ప్రభుత్వ పతకాలు, ఆర్డర్ల కొనుగోలు అమ్మకాలు చట్టరీత్యా నేరం. కనుక యాత్రికులు జాగ్రత్త వహించాలి.

నకిలీ బ్యాడ్జీ వలన డబ్బు మాత్రమే నష్టం. తప్పుగా గుర్తించిన ఛాయాచిత్రం వలన చరిత్రకు నష్టం కలుగుతుంది. జలాంతర్గామి ప్రమాదాలలో, యుద్ధంలో మరణించిన వారి దేహాలు చాలా సందర్భాలలో సముద్రంలోనే ఉండిపోయాయి. 1989 ఏప్రిల్ 7న మునిగిన కమ్సమోలెత్స్ జలాంతర్గామి ప్రమాదంలో 42 మంది మరణించారు. ఇటువంటి సందర్భాలలో కుటుంబాలకు మిగిలేది కొన్ని ఛాయాచిత్రాలు, ఒకటి రెండు బ్యాడ్జీలు మాత్రమే. మిచ్‌మన్ చిత్రానికి కమాండర్ పేరు చేర్చినచో ఇద్దరి జ్ఞాపకమూ చెరిగిపోతుంది.

భారతదేశంతో సంబంధం

భారత నౌకాదళపు తొలి జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కల్వరి 1967 డిసెంబరు 8న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో నౌకాదళంలో చేరింది. ఇది ఫాక్స్‌ట్రాట్ తరగతికి చెందినది. ఈ తరగతికి చెందిన 8 జలాంతర్గాములను భారతదేశం సోవియట్ యూనియన్ నుండి పొందింది. భారత సిబ్బంది మొదటి తరం సోవియట్ శిక్షకుల వద్ద నేర్చుకున్నారు. ఆ శిక్షణ కాలపు ఛాయాచిత్రాలలో రెండు దేశాల యూనిఫారాలు పక్కపక్కనే కనిపించే అవకాశం ఉంది. ఆ చిత్రాలలో డాల్ఫిన్‌లు భారత సిబ్బందివి, ఎర్ర నక్షత్రపు "లోదచ్కా" సోవియట్ కమాండర్‌ది.

ఇదే తరగతికి చెందిన ఐ.ఎన్.ఎస్. కురుసురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవల నుండి విరమించింది. 2002 నుండి విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉంది. ఆ గుండ్రని తలుపు రంధ్రాల గుండా వంగి నడిచినవారికి, సోవియట్ నావికులు అంచుల టోపీని వదలి పిలోత్కాను ఎందుకు ఎంచుకున్నారో సులభంగా అర్థమవుతుంది. రష్యాలో వ్లదివస్తోక్ నగరంలోని ఎస్-56, సెవెరమోర్స్క్‌లోని కె-21, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని డి-2 జలాంతర్గాములు కూడా ప్రదర్శనశాలలుగా ఉన్నాయి.

గుర్తించే క్రమం

ఒక ఛాయాచిత్రాన్ని గానీ, బ్యాడ్జీని గానీ పరిశీలించేటప్పుడు ఈ క్రమాన్ని అనుసరించవచ్చు.
1. పతాకం, నక్షత్రం, భుజపట్టీలను బట్టి కాలాన్ని నిర్ణయించాలి.
2. భుజపట్టీపై ముందు గీతలను, తరువాత నక్షత్రాలను లెక్కించి హోదాను తెలుసుకోవాలి.
3. ఛాతీకి కుడివైపున కమాండర్ బ్యాడ్జీ ఉందేమో చూడాలి. నౌక ఆకారం జలాంతర్గామిదో కాదో సరిచూడాలి.
4. దూరయాత్ర బ్యాడ్జీ, ఎర్-బే దుస్తులు వంటి జలాంతర్గామి ఆధారాలను వెదకాలి.
5. రిబ్బను, తెల్న్యాష్కా, క్రాబ్ వంటి సామాన్య చిహ్నాలను చివరన, సహాయక ఆధారాలుగా మాత్రమే తీసుకోవాలి.

రెండు స్వతంత్ర ఆధారాలు ఒకే విషయాన్ని చెప్పినప్పుడే నిర్ణయానికి రావడం సమంజసం.